పిల్లల బొమ్మలకు ఏది మేలు: టక్స్ పెయింటా, టేట్ కిడ్సా?

పిల్లలు బొమ్మలు వేసుకోవడానికి ఉచితంగా దొరికే కంప్యూటర్ సాధనాల్లో రెండు తరహాలు కనిపిస్తాయి. ఒకటి కుంచె, రంగులు ఇచ్చి ఊరుకుంటుంది. మరొకటి పేరున్న చిత్రాలను చూపించి, వాటి చుట్టూ ఆటలు అల్లుతుంది. మొదటి తరహాకు టక్స్ పెయింట్‌నూ, రెండోదానికి బ్రిటన్‌లోని టేట్ గ్యాలరీల వారి టేట్ కిడ్స్ వెబ్‌సైట్‌నూ తీసుకుని బేరీజు వేయవచ్చు.

టక్స్ పెయింట్ 2002లో వచ్చిన ఓపెన్ సోర్స్ ప్రోగ్రాం, అంటే ఎవరైనా ఉచితంగా వాడుకుని, మార్చుకోగలది. మూడేళ్ల పిల్లలు కూడా వాడగలగాలన్న ఉద్దేశంతో చేసినది కనుక బొత్తాలు పెద్దవిగా ఉంటాయి, గీత గీస్తే శబ్దం వస్తుంది, తెర అడుగున ఒక పెంగ్విన్ సూచనలు ఇస్తూ ఉంటుంది. బొమ్మను దాచుకునేటప్పుడు ఫైలు పేరు అడగదు, తిరిగి తెరిచేటప్పుడు పాత బొమ్మలన్నిటినీ చిన్నవిగా పరిచి చూపిస్తుంది. అందువల్ల చదవడం రాని పిల్ల కూడా నిన్న వేసినదాన్ని ఎవరినీ పిలవకుండా వెతుక్కోగలదు. ఒకసారి దించుకుంటే ఇంటర్నెట్ అక్కర్లేదు, ప్రకటనల బెడద లేదు, పైగా భాషల జాబితాలో తెలుగు కూడా ఉంది. వెంటవెంటనే ప్రింట్లు తీసి కాగితాలు తగలెయ్యకుండా వ్యవధి పెట్టే ఏర్పాటు సైతం ఉందంటే, చేసినవారికి పిల్లలున్న ఇల్లు బాగా తెలుసన్నమాట.

దీనిలో ఉన్న చిక్కల్లా ముద్రలతోనే. సిద్ధంగా ఉన్న బొమ్మలను అద్దుకుంటూ పోవడం అలవాటైతే గీసే ఓపిక తగ్గుతుంది. ముద్రలు విడిగా దించుకోవలసినవి కనుక, కొన్నాళ్లు వాటి జోలికి పోకపోవడమే మంచిదని నా అభిప్రాయం.

టేట్ కిడ్స్ బలం మరోచోట ఉంది. అందులో టేట్ పెయింట్ అనే రంగులాట ఉన్నా, గీతల వరకు టక్స్ పెయింట్‌దే పైచేయి. టేట్ వారి అసలు సొత్తు చిత్రకారుల పరిచయాలు, ఇంట్లో చేసుకునే పనులు. ఉదాహరణకు ఫ్రెంచ్ చిత్రకారుడు మతీస్ 1953లో చేసిన 'ది స్నెయిల్' (నత్త) టేట్ సేకరణలోనిదే. ఇంచుమించు 2.87 మీటర్ల చదరంగా ఉండే ఈ నత్త, రంగులద్దిన కాగితాలను కత్తిరించి అతికించినది. అనారోగ్యం వల్ల ముసలితనంలో నిలబడి రంగులు వేయలేక ఆయన కత్తెర పట్టాడని చెప్పి, నాలుగు రంగు కాగితాలు ఇచ్చి చూడండి, ఏడెనిమిదేళ్ల పిల్లలు తెరను వదిలి నేల మీదికి దిగుతారు. అయితే సమాచారమంతా ఇంగ్లీషులోనే ఉంటుంది కనుక, పెద్దవారెవరైనా పక్కన కూర్చుని తెలుగులో చెప్పకపోతే చిన్నపిల్లలకు అందదు. తీరికలేని తల్లిదండ్రులకు ఇది చిన్న షరతు కాదు.

ఇలాంటిదే మరొకటి, న్యూయార్క్‌లోని మెట్రోపాలిటన్ (మెట్) కళా మ్యూజియం 2015లో ప్రారంభించిన మెట్‌కిడ్స్ ఏడు నుంచి పన్నెండేళ్ల వారికి ఉద్దేశించినది. కాలాన్ని, ప్రాంతాన్ని ఎంచుకుంటే ఆనాటి వస్తువులను ముందుంచుతుంది. చరిత్ర మీద ఆసక్తి ఉన్న పిల్లలకు బాగుంటుంది కానీ, బొమ్మలు వేయించడంలో దాని పాత్ర స్వల్పం. మన హైదరాబాద్ సాలార్‌జంగ్ మ్యూజియం సేకరణ గూగుల్ ఆర్ట్స్ అండ్ కల్చర్ వెబ్‌సైట్‌లో ఉంది. ముందు అక్కడ చూపించి, ఆ వస్తువులనే తర్వాత స్వయంగా చూపించగల వీలు తెలుగువారికి దగ్గరలోనే ఉంది.

గూగుల్ వారిదే క్విక్ డ్రా అనే ఆటలో ఇరవై సెకన్లలో బొమ్మ గీస్తే కంప్యూటర్ అదేమిటో ఊహిస్తుంది. నవ్వులకు కొదవ ఉండదు. కానీ అది మెచ్చుకునేది చటుక్కున పోల్చుకోగల గీతను. పిల్లల ఊహకు అక్కడ పెద్దగా పనిలేదు. పైగా ఆటలో పోగైన ఐదు కోట్ల గీతలను పరిశోధన కోసం బహిరంగంగా ఉంచారన్న సంగతి తల్లిదండ్రులకు తెలిసి ఉండాలి.

ఆరేళ్లలోపు పిల్లలకైతే నేను సందేహించకుండా టక్స్ పెయింట్‌నే ఎంచుతాను. ఏడు దాటాక, వారంలో ఒక గంట పక్కన కూర్చోగలిగే ఇంట్లో టేట్ కిడ్స్ మేలు. అలా కుదరని ఇంట్లో టక్స్ పెయింట్‌నే కొనసాగించవచ్చు. ఇంట్లో ఫోను ఒక్కటే ఉంటే మాత్రం లెక్క మారుతుంది. టక్స్ పెయింట్ ఆండ్రాయిడ్‌లోనూ దొరుకుతుంది కానీ, అంత చిన్న తెర మీద వేలితో గీయడం పిల్లలకు విసుగు పుట్టిస్తుంది. అటువంటి ఇంట్లో టేట్ వారి పనుల్లో ఒకటి ఫోనులో చదివి చెప్పి, ఫోను తమ దగ్గరే ఉంచుకుని, పిల్లలకు కాగితాలూ మైనపు రంగులూ ఇవ్వడం ఉత్తమం.