పడవ ట్యాంకులో మడ్డి తీసిన ఆటోనగర్ వర్క్‌షాపు

పని బాగా చేశారు, బిల్లు మాత్రం బాగా రాయలేదు. ఆ బిల్లు గొడవ ఇంకా తేలలేదు కాబట్టి పేరు వేయడం లేదు. తిరుపతి ఆటోనగర్‌లో లారీల డీజిల్ పంపులు, కల్యాణ మండపాల జనరేటర్లు బాగుచేసే వర్క్‌షాపు ఇది. పడవలు వాళ్ల వ్యాపారం కాదు. ట్యాంకు ఎక్కడున్నా ట్యాంకే కదా అని నేనే పిలిచాను.

మా డీజిల్ పడవ తడ దగ్గర బి.వి.పాలెం రేవులో ఉంటుంది. పులికాట్‌లో మా మరిది నడుపుతాడు, తిరుపతిలో కూర్చుని లెక్కలు నేను చూస్తాను. ట్యాంకు అల్యూమినియంది. పడవ కట్టినప్పుడే కాళ్ల కింది పలకల అడుగున బిగించేశారు. బయటికి తీయాలంటే పలకలన్నీ కోయాలి. లోపలికి చెయ్యి పెట్టేందుకు మూత కూడా లేదు.

పొద్దున సరస్సు నిశ్చలంగా ఉన్నంతసేపూ ఇంజను బాగానే ఉంటుంది. మధ్యాహ్నం సముద్రపు గాలి లేచి పడవ ఊగడం మొదలైతే దగ్గి ఆగిపోతుంది. వచ్చిన ప్రతి మెకానిక్కూ ఫిల్టరు మార్చి వెళ్లేవాడు. పద్దు పుస్తకంలో డీజిల్ ఖర్చు ఉన్నచోటే ఉండగా ఫిల్టర్ల ఖర్చు ఎగబాకడం చూశాకే నాకు ట్యాంకు మీద అనుమానం వచ్చింది.

ఈ వర్క్‌షాపు పెద్దమేస్త్రి వచ్చి ఇంజను ముట్టుకోనేలేదు. డీజిల్ పోసే గొట్టంలోంచి సన్నటి పైపు అడుగు దాకా దింపి, చేతి పంపుతో లాగి, గాజు సీసాలో పట్టి పక్కన పెట్టారు. కాసేపటికి అది విడిపోయింది: అడుగున నీళ్లు, వాటి మీద నల్లటి జిగురు పొర, ఆపైన డీజిల్. ట్యాంకు సగం ఖాళీగా ఉంటే రాత్రి చల్లదనానికి లోపలి గాలిలోని తేమ గోడలకు పట్టి కారుతుంది. నీరు డీజిల్ కన్నా బరువు కాబట్టి అడుగున చేరుతుంది. నీరూ డీజిలూ కలిసే ఆ అంచునే బూజులాంటిది పెరిగి మడ్డి కడుతుంది. పడవ ఊగినప్పుడు అదంతా లేచి ఇంజనుకు వెళ్లే గొట్టంలోకి దూరుతుంది. “ఫిల్టరు మార్చడమంటే చెత్తబుట్ట మార్చడమే అమ్మా, ఇల్లు ఊడ్చడం కాదు” అన్నారాయన.

బూజు చంపే మందు ఒకటి నేను ముందే కొని పెట్టాను. దాన్ని అప్పుడే పోయనివ్వలేదు. చచ్చిన బూజు ఊడి వచ్చి ఫిల్టర్లను ఇంకా పూడ్చేస్తుందట. ముందు శుభ్రం, తర్వాత మందు. కావాలంటే పోసి డబ్బు పుచ్చుకోవచ్చు. ఆయన అలా చేయలేదు.

డీజిల్ అంతా డ్రమ్ముల్లోకి తోడి, ట్యాంకులోకి చాలాసేపు గాలి కొట్టించారు. నిప్పురవ్వలు లేవకుండా కంప్రెసరు గాలితో తిరిగే డ్రిల్లు వాడి, రజను లోపల పడకుండా బ్లేడుకు గ్రీజు పట్టించి రంధ్రాలు కోశారు. ట్యాంకు లోపల అడ్డుపలకలు ఉంటాయి, కాబట్టి ఒక్క రంధ్రంతో అన్ని అరలూ అందవు. అరకొక రంధ్రం పెట్టి, ఇనుప బ్రష్షు జోలికి పోకుండా ప్లాస్టిక్ గీకుడు పలకతో గీకి, నూలు రాలని గుడ్డతో తుడిచారు. పెట్రోలు ట్యాంకయితే పడవలో ఉండగా ఈ కోత పెట్టనని ఆయనే చెప్పారు. కోసిన రంధ్రాలకు బిగించిన మూతల కింద డీజిల్‌కు ఉబ్బని నైట్రైల్ రబ్బరు గాస్కెట్లు వేశారు. అడుగు డీజిల్ పక్కన పెట్టి, మిగిలినదాన్ని ముందు 30, తర్వాత 10 మైక్రాన్ల (మైక్రాను అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) ఫిల్టర్లలో తిప్పి తిరిగి పోశారు. ఇంజను ముందు నీళ్లు వేరుచేసే గాజు గిన్నె ఫిల్టరు బిగించారు. డీజిల్ పోసే మూత రబ్బరు రింగు పగిలి ఉండటం కూడా ఆయన కంటనే పడింది. దాని ధర టీ ఖర్చంత. ఉప్పునీళ్లు అక్కడి నుంచీ దిగుతున్నాయన్నమాట!

ఇక బిల్లు. “సామాను, కూలి: 18 వేలు” అని ఒకే వరుస. గాస్కెట్టు ఎంత, ఫిల్టరు ఎంత, తిరుపతి నుంచి తడకు వచ్చిన బండి ఎంత అని అడిగితే “అన్నీ కలిపే అక్కా” అన్నాడు లెక్కల కుర్రాడు. అన్నీ కలిపే రాసేటట్టయితే నాకు పద్దు పుస్తకం ఎందుకు?

అంతకన్నా నాకు కోపం తెప్పించింది మడ్డి డ్రమ్ము. దాన్ని రేవులోనే వదిలేసి వెళ్లారు. ఫోను చేస్తే “ఎక్కడో ఒకచోట పారబోసేయండి అక్కా” అన్నాడు అదే కుర్రాడు. పులికాట్ పక్షుల అభయారణ్యం. చలికాలంలో రాజహంసలు మేసేది ఆ లోతులేని నీళ్లలోనే. మా జాలర్ల కూడు కూడా అందులోనే ఉంది. పెద్దమేస్త్రితో మాట్లాడతానని గట్టిగా అన్నాకే బండి పంపి తీసుకెళ్లారు.

ఇప్పుడు మధ్యాహ్నం గాలిలోనూ ఇంజను ఆగడం లేదు. గాజు గిన్నెలో చుక్క నీరు కనిపించినా మరిది ఫొటో పంపుతాడు, కింది మర తిప్పి వదిలేయమంటాను. వీళ్లను పిలిచేవాళ్లు పెద్దమేస్త్రే రావాలని అడగండి. సామాను ధరలు, బండి ఖర్చు, మడ్డి ఎవరు తీసుకెళ్లాలన్నది పని మొదలవకముందే కాగితం మీద రాయించుకోండి. పెళ్లిళ్ల రోజుల్లో జనరేటర్ల పని ఎక్కువ, అప్పుడు ఫోను ఎత్తరు.