జెసెష్: బొమ్మలు పోయినా రాత మిగిలింది

ఈజిప్టు చిత్రలిపిని టైపు చేయడానికి జెసెష్ సాఫ్ట్‌వేర్ వాడేవారికి అందులోని గుర్తుల అందం గురించి నేను కొత్తగా చెప్పేదేమీ లేదు. నన్ను దానికి కట్టిపడేసింది వేరే సంగతి. అది రాతను దాచుకునే తీరు.

ప్రాచీన ఈజిప్టు భాష దశల్లో ఒకటైన మధ్య ఈజిప్షియన్‌ను తెలుగులో పరిచయం చేసే చిన్న పుస్తకం ఒకటి తయారుచేసి, వర్డ్ ఫైలును ప్రెస్సుకు పంపాను. జెసెష్ నుంచి కాపీ చేసింది అక్షరాలుగా కాక బొమ్మలుగా అతుక్కుంటుంది. అక్కడ పేజీలు కట్టే సాఫ్ట్‌వేర్‌లోకి ఎక్కించేసరికి ఆ బొమ్మలన్నీ ఖాళీ గడులయ్యాయి. తెలుగు వాక్యాల మధ్య తెల్లటి చతురస్రాలు చూసి నీరుగారిపోయాను.

గండం గట్టెక్కించింది జెసెష్ సొంత ఫైలే. దాన్ని నోట్‌ప్యాడ్‌లో తెరిచినా మామూలు పాఠంలా చదువుకోవచ్చు. సమాధి శిలల మీద మాటిమాటికీ కనిపించే నైవేద్య సూత్రం ‘హెతెప్ ది నెసు’ అందులో ఎం23-ఎక్స్1:ఆర్4-ఎక్స్8 అని ఉంటుంది. వరుసగా తుంగ మొక్క, చిన్న రొట్టె, చాప మీద రొట్టె, శంకువు ఆకారపు రొట్టె. కోలన్ ఉందంటే ముందున్న గుర్తు పైన, తర్వాతిది దాని కింద. అంతే. ఈ సంకేత పద్ధతి 1988లో వచ్చిన ‘మాన్యుయల్ ద కోడాజ్’ అనే నియమావళిది, గుర్తుల నంబర్లు ఈజిప్టు భాషా పండితుడు అలన్ గార్డినర్ పట్టికవి. ఆ ఫైళ్ల నుంచే ఒక్కో ఉదాహరణనూ మళ్లీ పీడీఎఫ్‌గా ఎగుమతి చేసి పంపాను. ఈసారి ఒక్క గుర్తూ చెదరలేదు.

ధ్వని కొట్టి గుర్తును రప్పించుకోవడం కూడా నాకు ఇష్టమే. ‘నెఫెర్’కు మూడు హల్లులు కొట్టి స్పేస్ నొక్కితే చాలు. నాలుగు రకాల ‘హ’లకు పెద్ద బడి, చిన్న బడి అక్షరాలు మారుస్తూ కొట్టాలి, ఇంగ్లిష్ అక్షరాలతో తెలుగు రాసే ఆర్‌టీఎస్ పద్ధతిలో తెలుగు టైపు చేసినవారికి ఇది కొత్త కాదు. అయితే ఈ సుఖం ధ్వని తెలిసినంత వరకే. ఉచ్చారణ లేకుండా, పదం ఏ కోవకు చెందిందో మాత్రమే సూచించే నిర్ధారక చిహ్నాల దగ్గరికి వచ్చేసరికి పట్టికలో వెతుక్కోక తప్పదు, అందులోనూ పక్షుల విభాగంలో నా కళ్లు ఇప్పటికీ తికమకపడతాయి. కోలన్‌తో పేర్చిన గుంపులూ ప్రతిసారీ శిలాశాసనంలో ఉన్నట్టే కుదరవు. చేత్తో జరపాలి, కుదించాలి.

యూనికోడ్ ఉండగా ఇదెందుకని అడిగేవారున్నారు. 2009లో 1,071 గుర్తులు యూనికోడ్‌లో చేరాయి, 2024లో మరో నాలుగు వేల దాకా వచ్చాయి. కానీ ఒకదాని మీద ఒకటి పేర్చమనే సూచనలను గౌరవించని ఫాంట్లు ఇంకా ఉన్నాయి. నా అవసరం అచ్చు పుస్తకం కాబట్టి జెసెష్ చాలు. ఫోనులో టైపు చేసి పంపుకోవాలన్నా, వెబ్ పేజీలో వెతికితే దొరికే పాఠం కావాలన్నా నేనైతే యూనికోడ్ వైపే చూస్తాను. ప్రెస్సుకు ఇచ్చేవారు మాత్రం కాపీ-పేస్టు జోలికి పోకుండా మొదటి నుంచే పీడీఎఫ్ లేదా ఎస్‌వీజీ (ఎంత పెంచినా చెదరని గీతల బొమ్మ ఫైలు) ఇవ్వండి, మూల ఫైలును పారేయకండి.