పాత బీమ్‌ను బలపరచడానికి ఏది మేలు: కార్బన్ ఫైబరా, కాంక్రీట్ జాకెటింగా?

పై అంతస్తు వేయడానికో, నివాసపు గదిని గోదాముగా మార్చడానికో పూనుకున్నప్పుడు, పాత బీమ్ ఆ అదనపు బరువును మోయలేదని లెక్కల్లో తేలితే మూడు మార్గాలుంటాయి. చుట్టూ కొత్త ఊచలు కట్టి కాంక్రీట్ పోయడం, అంటే జాకెటింగ్, మొదటిది. అడుగున ఉక్కు పలకను అతికించడం రెండవది. కార్బన్ ఫైబర్ పట్టీలను ఎపాక్సీ అనే గట్టి జిగురుతో అంటించడం మూడవది.

ఉక్కు పలక బరువైనది. జిగురు గట్టిపడే దాకా దానికి ఆనికలు పెట్టాలి, పైగా అతుకు దగ్గరే తుప్పు పడుతుంది. 1991లో స్విట్జర్లాండ్‌లోని లూసర్న్ వద్ద ఇబాఖ్ వంతెనలో, ట్రాఫిక్ సిగ్నళ్ల కోసం రంధ్రాలు వేస్తుండగా ప్రీస్ట్రెస్సింగ్ తీగలు (కాంక్రీట్‌ను ముందే బిగించి ఉంచే ఉక్కు తీగలు) తెగాయి. మరమ్మతుకు 175 కిలోల ఉక్కు పట్టే చోట 6.2 కిలోల కార్బన్ పట్టీలు సరిపోయాయి. కాబట్టి నిజమైన పోటీ మిగిలిన రెండింటి మధ్యనే.

కార్బన్ పట్టీ తన్యత బలం, అంటే లాగినప్పుడు తెగకుండా తట్టుకునే శక్తి, సుమారు 2,800 మెగాపాస్కల్స్ (ఒత్తిడిని కొలిచే ప్రమాణం); మన ఎఫ్ఈ 500 ఊచ 500 దగ్గరే సాగడం మొదలుపెడుతుంది. అయినా ఆ బలమంతా బీమ్‌కు అందదు, ఎందుకంటే పట్టీ తెగకముందే కాంక్రీట్ పైపొరతో సహా ఊడివస్తుంది. అందుకే లాగి పరీక్షించినప్పుడు ఆ పైపొర కనీసం 1.4 మెగాపాస్కల్స్ తట్టుకోవాలని అమెరికన్ కాంక్రీట్ ఇన్‌స్టిట్యూట్ మార్గదర్శకం నిర్దేశిస్తుంది. చాలామంది గమనించని మరో విషయం ఉంది: పట్టీ పలుచన కనుక బీమ్ బలం పెరిగినంతగా దాని బిగువు, అంటే వంగకుండా నిలిచే గుణం, పెరగదు. కుంగుతున్న బీమ్‌కు లోతు పెంచే జాకెటింగే ఎక్కువ మేలు చేస్తుంది.

విశాఖపట్నం, కాకినాడ వంటి తీరపట్టణాల్లో ఉప్పుగాలికి ఊచలు తుప్పుపట్టి, కాంక్రీట్ పెచ్చులూడే బీమ్‌లపై నేరుగా కార్బన్ అంటించడం నా దృష్టిలో ప్రమాదకరం. తుప్పు లోపల సాగుతూనే ఉంటుంది, పైకి మాత్రం కనిపించదు. అక్కడ పాడైన కాంక్రీట్ తొలగించి, ఊచలను శుభ్రం చేసి, అవసరమైన చోట కొత్తవి చేర్చి జాకెటింగ్ చేయాలి. గది ఎత్తు తగ్గుతుంది, సెంట్రింగ్, క్యూరింగ్‌లకు రోజులు పడతాయి, పెరిగిన బరువును కాలమ్‌లు, పునాది మోయగలవో లేదో చూడాలి. అయినా అదే సరైన పని. కాంక్రీట్ గట్టిగా ఉండి, బరువు మాత్రమే పెరిగిన భవనంలో, ముఖ్యంగా పని ఆపలేని ఆసుపత్రిలో, కార్బన్‌నే ఎంచుకుంటాను.

అయితే అగ్నిప్రమాదంలో ఎపాక్సీ త్వరగా మెత్తబడుతుంది. కార్బన్ లేకుండానే పాత బీమ్, కొత్త లెక్క ప్రకారం నిలకడ బరువుకు (కట్టడం సొంత బరువుకు) 1.1 రెట్లు, వినియోగ బరువులో (మనుషులు, సామాన్ల బరువులో) 0.75 వంతు కలిపి మోయగలగాలని అదే మార్గదర్శకం చెబుతుంది. ఈ లెక్క నెగ్గని బీమ్‌కు, కాంక్రీట్ ఎంత బాగున్నా, జాకెటింగే చేయించాలి.