పదకొండేళ్లుగా నా కంప్యూటర్‌లో ఉన్న మేక

గోట్ సిమ్యులేటర్ అనే వీడియో గేమ్ 2014 ఏప్రిల్ 1న వచ్చింది. నేను ఆ తర్వాతి వారం కొన్నాను. అప్పటి నుంచి మూడు కంప్యూటర్లు మారాయి. కొత్తది తెచ్చుకున్న ప్రతిసారీ ముందుగా ఎక్కించుకునే నాలుగైదు ఆటల్లో ఇదొకటి. మొదటి రోజే సమీక్ష రాసుంటే "పడీ పడీ నవ్వాను" అని ఒక్క ముక్కలో తేల్చేసేవాణ్ణి. పదకొండేళ్లు ఆడాక ఆ నవ్వు వెనకున్న పనితనం కనిపిస్తోంది. ఈ మధ్యకాలంలో చిన్న చిన్న బృందాలు ఆటలు తయారుచేసే పద్ధతే మారింది, అందులో ఇలాంటి జోక్ గేమ్‌ల వాటా చాలా పెద్దది. అందుకే ఈ ఆట గురించీ ఆ మార్పు గురించీ కలిపి రాస్తున్నాను.

ఆట తెలియనివాళ్ల కోసం నాలుగు మాటలు. మీరొక మేక. చుట్టూ ఒక చిన్న ఊరు. కొమ్ములతో పొడవొచ్చు, వెనక కాళ్లతో తన్నొచ్చు, నాలుకతో దేన్ని నాకితే అది నాలుకకు అతుక్కుని మీ వెంట ఈడ్చుకుంటూ వస్తుంది. చావు లేదు, కథ లేదు. పెట్రోల్ బంకు పేలితే మేక గాల్లో గిరికీలు కొట్టి ఎక్కడో పడుతుంది, లేచి మళ్లీ నడుస్తుంది. పాత స్కేట్‌బోర్డ్ ఆటల్లాగా విన్యాసాలకు పాయింట్లు వస్తాయి. అంతే.

ఒక మీట నొక్కితే మేక ఒళ్లంతా వదిలేసి గుడ్డబొమ్మలా వాలిపోతుంది. మళ్లీ నొక్కితే లేచి నిలబడుతుంది. ఆట మొత్తానికి నాకు బాగా నచ్చేది ఇదే. మా అక్క కొడుక్కి అప్పుడు ఏడేళ్లు. నా పక్కన కూర్చుని చూస్తున్నాడు. నేను మేకను ఇంటి కప్పు మీద నుంచి దూకించి, గాల్లో ఉండగా ఆ మీట నొక్కాను. కిందపడి దొర్లి, మెడ ఒక వైపు, కాళ్లు ఒక వైపు వేసుకుని ఆగింది. వాడు నా చెయ్యి పట్టుకుని గుసగుసగా "మామయ్యా, ఇంక ఏం నొక్కకు, అది పడుకుంది" అన్నాడు. ఇద్దరం ఓ నిమిషం పాటు కదలకుండా చూస్తూ కూర్చున్నాం. మేక కూడా కదల్లేదు. ఎన్నో పెద్ద ఆటల్లో లక్షలు పోసి తీసిన దృశ్యాలు చూశాను, వాటిలో చాలావరకు మర్చిపోయాను. ఇది మాత్రం గుర్తుంది.

ఈ ఆట తయారుచేసింది స్వీడన్‌లో షెవ్‌డే అనే ఊళ్లోని కాఫీ స్టెయిన్ స్టూడియోస్. అంతకుముందు 2011లో వాళ్లు శాంక్టమ్ అనే పూర్తి స్థాయి ఆట చేశారు. మేక ఆలోచన వాళ్ల ఆఫీసులో సరదాగా పెట్టుకున్న గేమ్ జామ్‌లో (తక్కువ గడువు పెట్టుకుని ఆట తయారుచేసే కార్యక్రమం) పుట్టింది. దాని వీడియో ఒకటి యూట్యూబ్‌లో పెట్టగానే జనం ఎగబడ్డారు, "ఎప్పుడు అమ్ముతారు" అని అడగడం మొదలుపెట్టారు. రెండు నెలల్లో ఆట అమ్మకానికి వచ్చేసింది. ఆట పేజీలోనే, ఇది ఉత్త పిచ్చి ఆట అనీ, ఆ డబ్బుతో ఇటుకలనో నిజం మేకనో కొనుక్కోవడం మేలనీ రాసుకున్నారు. ఆట కూలిపోయే బగ్‌లు (ప్రోగ్రామ్‌లోని తప్పులు) మాత్రమే సరిచేస్తాం, మిగతావి నవ్వొస్తున్నాయి కాబట్టి అలాగే ఉంచేస్తాం అని కూడా చెప్పారు.

ఈ చివరి మాటను చాలామంది అపార్థం చేసుకున్నారని నా నమ్మకం. బగ్‌లు వదిలేశారంటే బద్ధకం అనుకున్నారు. నేను కూడా రెండేళ్ల పాటు అలాగే అనుకున్నాను. ఒకసారి మేం ముగ్గురం కలిసి 48 గంటల గేమ్ జామ్‌లో పాల్గొన్నాక గానీ నాకు అసలు విషయం అర్థం కాలేదు. మాది గొడుగు ఆట. గాలివానలో గొడుగు పట్టుకుని ఒక మనిషి వీధి దాటాలి. రెండో రోజు పొద్దున గొడుగు పిడికి ఉన్న కీలు బిగువు అంకె పొరపాటున మారిపోయి, గొడుగు తిరగబడి మనిషిని తలకిందులుగా పైకి లాక్కుపోయింది. పక్క బల్ల మీదివాళ్లు వచ్చి చూసి ఒకటే నవ్వు. సరే, ఇదే ఉంచుదాం అనుకున్నాం. అసలు కష్టం అక్కడే మొదలైంది. ఆ తప్పు పదిసార్లలో ఒకసారే జరిగేది. మిగతా తొమ్మిదిసార్లు మనిషి గోడలో ఇరుక్కుపోయేవాడు, లేదంటే తెర బయటికి పోయేవాడు. కీలుకు ఎంత బిగువు ఉండాలి, గాలి ఎంత వేగంతో తగిలితే తిరగబడాలి, తిరగబడ్డాక ఎంతసేపట్లో ఆడేవాళ్ల చేతికి అదుపు తిరిగి రావాలి, ఇవన్నీ సరిచూసుకునేసరికి మిగిలిన సమయమంతా అయిపోయింది. అనుకోకుండా దొరికిన ఒక్క నవ్వును రోజూ నవ్వించేలా నిలబెట్టడానికి పట్టిన టైమ్ అది.

ఆ రాత్రి ఇంటికొచ్చి గోట్ సిమ్యులేటర్ తెరిస్తే అది వేరే ఆటలా కనిపించింది. మేక మెడ రబ్బరులా సాగుతుంది, నిచ్చెన దగ్గర వణికిపోతుంది, తలుపు సందులో ఇరుక్కుని గిలగిలా కొట్టుకుంటుంది. అయినా ఎంత అడ్డదిడ్డంగా పడినా మళ్లీ లేపడానికి ఒక దారి ఉంటుంది. కెమెరా మేకను వదిలిపెట్టి పోదు. వాళ్లు బగ్‌లను ఏరుకుని ఉంచారు. ఏది ఉంచాలో ఏది తీసెయ్యాలో తెలియాలంటే ఆ ఇంజిన్‌తో (ఆటను నడిపించే సాఫ్ట్‌వేర్) బాగా చేయి తిరిగి ఉండాలి. శాంక్టమ్ చేసిన అనుభవం ఇక్కడ ఉపయోగపడింది.

సర్జన్ సిమ్యులేటర్ కథ కూడా ఇలాంటిదే. 2013 గ్లోబల్ గేమ్ జామ్‌లో బాసా స్టూడియోస్ వాళ్లు 48 గంటల్లో చేసిన ముక్క అది, ఆ ఏడాది ఏప్రిల్‌కే అమ్మకానికి వచ్చింది. ఒక్కో వేలికి ఒక్కో మీట ఇచ్చి గుండె ఆపరేషన్ చేయమంటుంది. అన్‌టైటిల్డ్ గూస్ గేమ్ అయితే ఆస్ట్రేలియాలోని నలుగురు మిత్రులు తమలో తాము పంచుకున్న ఒక పెద్దబాతు ఫోటో దగ్గర మొదలైంది. 2019 సెప్టెంబరులో విడుదలై, ఆ ఏడాది ముగిసేలోపే పది లక్షల కాపీలు దాటింది. నలుగురు కూర్చుని నవ్వుకున్న విషయం కూడా ఆట అవుతుంది, దానికి కొనేవాళ్లుంటారు అని ఇవి నిరూపించాయి. అంతకుముందు చిన్న డెవలపర్‌కు ఒక వింత ఆలోచన వస్తే "బాగానే ఉంది గానీ ఎవరు కొంటారు" అనే ప్రశ్న దగ్గరే ఆగిపోయేది.

డబ్బు సంగతి కూడా చెప్పాలి. మేక తర్వాత కాఫీ స్టెయిన్ వాళ్లు ఫ్యాక్టరీలు కట్టే శాటిస్‌ఫ్యాక్టరీ మీద ఏళ్ల తరబడి పనిచేశారు. 2019లో పూర్తికాకముందే అమ్మకానికి వచ్చి 2024లో పూర్తయింది. డీప్ రాక్ గెలాక్టిక్, వాల్‌హైమ్ లాంటి వేరే చిన్న బృందాల ఆటలను కూడా వాళ్ల ప్రచురణ విభాగమే జనం ముందుకు తెచ్చింది. నేను ఈ మూడూ వందల గంటలు ఆడాను. మేకను చూసి ముఖం చిట్లించిన స్నేహితులే ఇప్పుడు వాల్‌హైమ్‌లో నాతో కలిసి ఇళ్లు కడుతున్నారు.

ఇలాంటి ఆటలన్నిటిలో నా మనసుకు మేక కంటే దగ్గరైంది ఒకటుంది, దాన్ని వదిలేసి ఈ సమీక్ష పూర్తిచేయలేను. గెటింగ్ ఓవర్ ఇట్, 2017. నడుం వరకు గుండిగలో ఇరుక్కున్న మనిషి, చేతిలో సుత్తి, ఎదురుగా చెత్తాచెదారం పేర్చిన కొండ. మౌస్ కదిపితే సుత్తి కదులుతుంది, వేరే మీటలు లేవు. జారితే మొదటికి కూడా రావచ్చు. ఆట ప్రతి క్షణం తనంతట తానే సేవ్ చేసుకుంటుంది కాబట్టి పడిన చోటు నుంచి వెనక్కి వెళ్లే దారి లేదు. పైన ఒకచోట పాము ఉంటుంది, దాన్ని పట్టుకుంటే నేరుగా కింద మొదలుపెట్టిన చోటికే. చూడటానికి ఇది ఆడేవాళ్లను ఏడిపించడానికి చేసిన జోక్ లాగే ఉంటుంది. కానీ పడినప్పుడల్లా దాన్ని చేసిన బెన్నెట్ ఫోడీ గొంతు నెమ్మదిగా మాట్లాడుతుంది. 2002లో జాజువో (Jazzuo) అనే పేరుతో ఒకరు చేసిన సెక్సీ హైకింగ్ అనే మొరటు ఆట గురించి చెబుతుంది, దొరికిన వస్తువులను అతికించి ఆటలు చేసేవాళ్ల గురించి చెబుతుంది. చిన్న డెవలపర్లు రెడీమేడ్ బొమ్మలు కొని ఆటలో పెడితే చులకనగా చూసే రోజుల్లో, సరిగ్గా అలాంటి వస్తువులతోనే కొండ కట్టి, వాటికొక గౌరవం ఇచ్చాడు ఫోడీ. నాకు మొదటిసారి పైకి ఎక్కడానికి పంతొమ్మిది రోజులు పట్టింది. ఆ తర్వాత జంప్ కింగ్, ఓన్లీ అప్ అంటూ ఎన్ని ఎక్కుడు ఆటలు వచ్చాయో. ఫోడీ ఇంకొందరితో కలిసి చేసిన బేబీ స్టెప్స్ 2025లో వచ్చింది.

ఇక చెడ్డ వైపు. మేక గెలిచాక "సిమ్యులేటర్" అనే మాట తగిలించి ఏది పడితే అది అమ్మేశారు. 2017 నుంచి కంప్యూటర్ ఆటలు అమ్మే ఆన్‌లైన్ దుకాణం స్టీమ్‌లో ఆటకు వంద డాలర్లు కడితే ఎవరైనా అమ్ముకోవచ్చు. ఇది నిజమైన ఇండీలకు (పెద్ద కంపెనీల అండ లేని చిన్న డెవలపర్లకు) ఎంత మేలో, ఇలాంటివాటికీ అంతే దారి. నేనూ ఒకటి కొని మోసపోయాను, పేరు అనవసరం. ట్రైలర్‌లో చూపించిన నాలుగు పడిపోవడాలు తప్ప ఆటలో ఇంకేమీ లేదు. ఆరో నిమిషంలో నేల కిందికి పడిపోయాను, లేచే దారి లేదు. అందులో నవ్వు కూడా రాలేదు, ఎందుకంటే దాన్ని చేసినవాళ్లకే అక్కడ ఏం జరుగుతుందో తెలియదు. 2024లో బనానా అని ఒకటొచ్చింది. అరటిపండు బొమ్మ మీద నొక్కుతూ ఉండటమే. అప్పుడప్పుడు అందులో వచ్చే బొమ్మలను స్టీమ్ మార్కెట్‌లో అమ్ముకోవచ్చు. ఒకే సమయంలో తొమ్మిది లక్షల మందికి పైగా దాన్ని తెరిచి ఉంచారు. నేను ఒక రోజు చూసి తీసేశాను. దాన్ని జోక్ గేమ్ అనడానికి నాకు మనసొప్పదు.

దానికి పక్కన ల్యాండ్‌ఫాల్ అనే ఆటల కంపెనీ వాళ్లను పెట్టి చూడండి. వాళ్లు ఏప్రిల్ 1ని పండగలా వాడుకుంటారు. 2024లో ఆ రోజు కంటెంట్ వార్నింగ్ విడుదల చేసి, మొదటి 24 గంటలు ఉచితంగా ఇచ్చేశారు. అరవై లక్షల మందికి పైగా తీసుకున్నారు. స్నేహితులతో పాతాళంలోకి దిగి దయ్యాలను వీడియో తీసుకురావడం ఆట. మేం నలుగురం ఆ రాత్రి తెల్లవారే దాకా ఆడాం. పేరుకు ఏప్రిల్ ఫూల్, ఆట మాత్రం పక్కా.

గోట్ సిమ్యులేటర్ ఇప్పుడు కొనొచ్చా అంటే, కొనొచ్చు. మొదటి ఊరు ఒక సాయంత్రంలో అయిపోతుంది, అంతకంటే ఎక్కువ ఆశించకండి. తర్వాత ఉచితంగా ఇచ్చిన ఎంఎంఓ సిమ్యులేటర్ (ఎంఎంఓ అంటే ఒకేసారి ఎంతోమంది కలిసి ఆడే ఆన్‌లైన్ ఆట) తప్పకుండా చూడండి, ఆన్‌లైన్ ఆటల మీద అంత ప్రేమగా వేసిన వేళాకోళం నేను ఇంకెక్కడా చూడలేదు. పక్కన మనిషి కూర్చుని కలిసి ఆడాలంటే 2022లో వచ్చిన గోట్ సిమ్యులేటర్ 3 మేలు. రెండోది లేదు, దానికోసం వెతక్కండి.

మా అక్క కొడుక్కి ఇప్పుడు పద్దెనిమిది. గోడో అనే ఆటలు తయారుచేసే సాఫ్ట్‌వేర్ నేర్చుకుని పిల్లి ఆట ఒకటి చేస్తున్నాడు. పోయిన వారం ఫోన్ చేసి, "మామయ్యా, పిల్లి మూల తిరిగినప్పుడు తోక మాత్రం అక్కడే ఉండిపోయి తర్వాత పరిగెత్తుకుంటూ వస్తోంది. తీసెయ్యనా, ఉంచనా?" అన్నాడు. ముందు పదిమందికి చూపించి, ఏం చెప్పకుండా వాళ్ల ముఖాలు చూడమన్నాను. నిన్నటికి ముగ్గురికి చూపించాడట. ఇద్దరు నవ్వారు, ఒకరు తోక వచ్చేదాకా ఆగి, మళ్లీ ఆ మూలకే వెళ్లారట.