డొమినియన్: ఏ పెట్టె కొనాలి, తర్వాత ఏ ఎక్స్‌పాన్షన్?

డొనాల్డ్ ఎక్స్. వక్కారినో రూపొందించిన డొమినియన్ 2008లో వచ్చింది, మరుసటి ఏడాదే జర్మనీలో ష్పీల్ డెస్ యారెస్ (ఏటి మేటి ఆట) అవార్డు గెలిచింది. బల్ల మీది కార్డులు కొంటూ ఎవరి కట్ట వాళ్లు పెంచుకుని, చివరికి ఎక్కువ పాయింట్లు తెచ్చుకోవడమే ఆట. ఇంట్లో ఇద్దరి నుంచి నలుగురి దాకా కూర్చుని ఆడటానికి ఇంత బాగా కుదిరే కార్డుల ఆటలు తక్కువ. చిక్కల్లా కొనేటప్పుడే: డజనుకు పైగా ఎక్స్‌పాన్షన్లు (మూల ఆటకి జోడించే అదనపు పెట్టెలు), వాటిలో కొన్నింటికి రెండేసి ఎడిషన్లు.

మొదట మూల పెట్టె, అదీ 2016 నాటి రెండో ఎడిషన్ తీసుకోండి. పాతదాంట్లోంచి ఆరు రకాల కార్డులు తీసేసి ఏడు కొత్తవి చేర్చారు. పోయినవాటిలో స్పై, థీఫ్ వేసిన ప్రతిసారీ అందరి కట్టల్లోంచీ కార్డులు తిప్పి చూడాలి, ఆట అక్కడే ఆగిపోతుంది. ఉడ్‌కట్టర్‌ని కొనేవాళ్లే అరుదు. పోయాయని బాధపడాల్సిన కార్డు ఒక్కటీ లేదు.

ఈ పెట్టెలో 26 రకాల కింగ్‌డమ్ కార్డులు (ఆటలో కొనుక్కునే ప్రత్యేక కార్డులు) ఉంటాయి, ఒక ఆటకి పది రకాలే బల్ల మీద పెడతాం. రుచి అంతా ఆ పదింటి ఎంపికలోనే ఉంది. మామూలుగా ఒక వంతులో ఒకే యాక్షన్, అంటే ఒక యాక్షన్ కార్డు వేసే అవకాశం. విలేజ్, స్మితీ జోడీ చూడండి. చేతిలో అయిదు కార్డులు. విలేజ్ వేస్తే ఒక కార్డు వస్తుంది, ఇంకో రెండు యాక్షన్లు దొరుకుతాయి. వెంటనే స్మితీ వేస్తే మరో మూడు కార్డులు. ఇప్పుడు చేతిలో ఏడు, పైగా ఒక యాక్షన్ మిగిలే ఉంది. అదే విలేజ్ లాంటిది లేని పదిలో స్మితీలు, మిలీషియాలు ఎడాపెడా కొంటే, చేతిలో మూడున్నా ఒకటే వేయగలం, మిగతావి దండగ. ఎదుటివాళ్లకి కర్స్‌లు (పాయింట్లు తగ్గించే కార్డులు) అంటగట్టే విచ్ ఉంటే, అక్కర్లేని కార్డుల్ని వదిలించే చాపెల్ కూడా పెట్టండి. లేకపోతే అందరి కట్టలూ కర్స్‌లతో నిండిపోయి ఆట సాగుతూనే ఉంటుంది. ఇద్దరే ఆడుతుంటే ప్రావిన్సులు (పెద్ద పాయింట్ల కార్డులు, ఇవి అయిపోతే ఆట ముగుస్తుంది) పన్నెండు కాదు, ఎనిమిదే పెట్టాలి. ఇది మరిచిపోయి "ఆట ఎంతకీ తెమలదు" అనేవాళ్లు చాలామంది.

ఎక్స్‌పాన్షన్లలో మొదటి ఓటు సీసైడ్‌కే. దీని డ్యూరేషన్ కార్డులు ఈ వంతులో కొంత, వచ్చే వంతులో కొంత ఇస్తాయి. ఫిషింగ్ విలేజ్ ఇప్పుడు రెండు యాక్షన్లు, ఒక నాణెం ఇస్తుంది. వచ్చే వంతు మొదట్లో ఇంకో యాక్షన్, ఇంకో నాణెం. కొత్తగా నేర్చుకోవాల్సింది ఈ ఒక్క సంగతే. జాగ్రత్త పడాల్సిందీ ఒకటే: వంతు చివర అన్నీ ఊడ్చేసేటప్పుడు వాటిని కదపకుండా బల్ల మీదే ఉంచాలి.

తర్వాత ప్రాస్పెరిటీ. తొమ్మిది నాణేలకు కొనే ప్లాటినం అనే డబ్బు కార్డు, పదకొండు నాణేలకు కొనే కాలనీ అనే పాయింట్ల కార్డు వచ్చి చేరతాయి. కాలనీకి పది పాయింట్లు. పెద్ద పెద్ద వంతులు ఇష్టమైన పిల్లలకి ఇది పండగే, కానీ ఆట నిడివి పెరుగుతుంది.

ఇంట్రీగ్ మంచిదే, అయితే పాత పెట్టె, కొత్త పెట్టె ఒకటి కాదు. మొదటి ఎడిషన్‌లో కాపర్ (డబ్బు కార్డు), ఎస్టేట్ (పాయింట్ల కార్డు) లాంటి ప్రాథమిక కార్డులన్నీ ఉండేవి కాబట్టి దాన్నొక్కదాన్నే కొని ఆడుకోవచ్చు. 2016 ఎడిషన్‌లో అవి లేవు, మూల పెట్టె లేకుండా పనికిరాదు. సెకండ్‌హ్యాండ్‌లో కొనేవాళ్లు ఏ ఎడిషనో తప్పకుండా అడగాలి. పైగా టార్చరర్, స్విండ్లర్ నేరుగా ఎదుటివాళ్ల మీద పడే కార్డులు. ఓడితే అలిగేవాళ్లున్న ఇంట్లో కొన్నాళ్లు ఆగడం మేలు.

ఆల్కెమీ మొదట కొనకండి. దాని కార్డులు చాలావాటికి నాణేలతో పాటు పోషన్ అనే వేరే డబ్బు కార్డు కావాలి. పదింటిలో అలాంటిది ఒకటే వస్తే పోషన్ కొనడమే నష్టం. మూడు నుంచి అయిదు కలిపి పెడితేనే గిట్టుబాటు. డార్క్ ఏజెస్‌లో 500 కార్డులున్నా, బాగా ఆడి చేయి తిరిగినవాళ్లకే అది.

కార్డుల కొలత 59×91 మిల్లీమీటర్లు, అందుకే మామూలు పేక స్లీవ్‌లు (కార్డులకి తొడిగే ప్లాస్టిక్ కవర్లు) సరిపోవు. ముందు అరిగేవి కాపర్లే, ఎందుకంటే ప్రతి ఒక్కరూ ఏడింటితో మొదలుపెట్టి వాటినే పదే పదే కలుపుతారు. స్లీవ్‌లు వేయడం మొదలుపెడితే మధ్యలో ఆపకండి: ఒకే కట్టలో కొన్ని స్లీవ్‌తో, కొన్ని లేకుండా ఉంటే పైనున్నది ఏ కార్డో ఇట్టే తెలిసిపోతుంది. వెనక రంగులో తేడా ఉన్న వేర్వేరు ముద్రణల్ని కలిపినా అదే ఇబ్బంది, అప్పుడు వెనకవైపు కనపడని స్లీవ్‌లు కొనాలి.