విడిగా అమ్మే ఫోమ్ వాష్ క్యాన్లతో జాగ్రత్త: ముందు రేకు ముక్క వేసి చూడండి

ఇంట్లోనే బండి కడుక్కునేవాళ్లు ఇది చదివాకే క్యాన్ కొనండి. ‘ఫోమ్ వాష్’, ‘ఇంజిన్ డీగ్రీజర్’, ‘అల్లాయ్ బ్రైట్‌నర్’ అంటూ 5 లీటర్ల తెల్ల క్యాన్లలో లేబుల్ లేకుండా అమ్మే వాటిలో కొన్ని అసలు షాంపూలే కావు. నురగ కోసం కాస్త సబ్బు, మురికి కోయడానికి కాస్టిక్ సోడా. బ్రైట్‌నర్ అయితే యాసిడ్.

మోసపోవడం ఎందుకు సులువంటే, ఇవి పనిచేస్తాయి. ఏళ్ల తరబడి ఇంజిన్‌కు పట్టిన జిడ్డు రెండు నిమిషాల్లో జారిపోతుంది. దాంతోపాటు ఇంజిన్ కేసింగ్ మీది లాకర్ (మెరుపు కోసం వేసే పారదర్శక రక్షణ పూత) కూడా లేస్తుంది. కింద బయటపడ్డ అల్యూమినియాన్ని కాస్టిక్ తింటుంది. ఆరాక నల్లటి మసి లాంటి మరకలు మిగులుతాయి, ఎంత కడిగినా పోవు. బఫింగ్ చేయించి మళ్లీ లాకర్ కొట్టించాల్సిందే. బంగారు రంగు ఫోర్కులు (ముందు చక్రాన్ని పట్టి ఉంచే గొట్టాలు) ఉన్న బండ్లకు నష్టం ఇంకా ఎక్కువ. చాలావాటిలో ఆ రంగు పెయింటు కాదు, అనోడైజింగ్, అంటే కరెంటుతో అల్యూమినియం మీదే పెంచిన ఆక్సైడ్ పొర. కాస్టిక్‌కూ గాఢ యాసిడ్‌కూ అది కరిగి మచ్చలు మచ్చలుగా పాలిపోతుంది. యాసిడ్ రకమైతే బోల్టుల మీది జింక్ పూతను ముందు తీసేస్తుంది, వారం తిరక్కుండా తుప్పు మొదలు. ఫోర్కు రాడ్ల క్రోమ్ గుంటలు పడితే ఆయిల్ సీళ్లు కోసుకుపోయి కారతాయి. ఇంజిన్ వేడిగా ఉండగా కొడితే ఇదంతా మరింత వేగంగా జరుగుతుంది.

పరీక్ష పెద్ద పనేం కాదు. అమ్మేవాడు చెప్పిన పాళ్లలోనే నీళ్లు కలిపి, ప్లాస్టిక్ గ్లాసులో 50 మిల్లీలీటర్లు పోయండి. వంటింటి అల్యూమినియం ఫాయిల్ రెండు అంగుళాల ముక్క అందులో ముంచి 15 నిమిషాలు చూడండి. రేకు మీద పొర ఉంటుంది కాబట్టి మొదట్లో కదలిక కనిపించకపోవచ్చు, తొందరపడి పాస్ చేయకండి. సన్న బుడగలు వస్తున్నా, రేకు మెరుపు తగ్గి నల్లబడుతున్నా ఆ క్యాన్ మీ బండికి పనికిరాదు. ఆ బుడగలు హైడ్రోజన్, అందుకని పరీక్ష ఆరుబయట, నిప్పుకు దూరంగా, చేతికి గ్లవ్స్ వేసుకుని చేయాలి. పీహెచ్ స్ట్రిప్ (ద్రవం యాసిడో, కాస్టిక్ లాంటి క్షారమో రంగుతో చూపే కాగితం) దొరికితే అదీ ముంచండి. బండి షాంపూ 6 నుంచి 8 మధ్య ఉండాలి. 11 దాటినా రేకుకు ఏమీ కాలేదంటే అల్యూమినియాన్ని కాపాడే సిలికేట్ లాంటిది కలిపి ఉండొచ్చు. అయినా పెయింటు మీది వ్యాక్స్‌ను అది మిగల్చదు.

అల్లాయ్ బ్రైట్‌నర్ సంగతి వేరే చెప్పాలి. కొన్నిటిలో ఫ్లోరైడ్ యాసిడ్లు ఉంటాయి. చర్మం మీద పడ్డ వెంటనే మంట తెలియకపోవచ్చు, గంటల తర్వాత లోపలి నుంచి నొప్పి మొదలవుతుంది. ఇది పడిందని అనుమానం వస్తే చాలు, నీళ్లతో కడుక్కుని నొప్పి కోసం ఎదురుచూడకుండా ఆస్పత్రికి వెళ్లండి. కాస్టిక్ నురగ కంట్లో పడితే కనీసం 15 నిమిషాలు ధారగా నీళ్లు పోసి, ఆపైన డాక్టరు దగ్గరికి.

ఇప్పటికే బండి మీద కొట్టేసి ఉంటే ఆరనివ్వకండి. గ్లవ్స్ వేసుకుని, పైపుతో 10 నిమిషాలు నీళ్లు పట్టండి. ఇంజిన్ ఫిన్ల సందులు, స్పోకుల మొదళ్లు, ఫోర్కు సీళ్ల చుట్టూ ఎక్కువసేపు. విరుగుడు పేరుతో నిమ్మకాయో వెనిగరో పోయొద్దు, సందుల్లో ఇరుక్కున్నదాన్ని నీళ్ల ధారే బయటికి తోస్తుంది.

మామూలు దుమ్ము, బురదకు లేబులున్న న్యూట్రల్ షాంపూ చాలు. పాళ్లు సీసా మీద చూడండి. చైను జిడ్డుకు కిరోసిన్ తడిపిన మెత్తటి బ్రష్ సరిపోతుంది. ఓ-రింగ్ చైనుకు (లింకుల మధ్య రబ్బరు రింగులుండేది) పెట్రోలు, వైర్ బ్రష్ రెండూ వద్దు. బ్రేకు డిస్కు మీద ఆ కిరోసిన్ చుక్క పడకూడదు. బోరు నీళ్ల తెల్ల మరకలు పోగొడతానని చెప్పి యాసిడ్ అంటగట్టేవాళ్లున్నారు. నీడలో కడిగి, నీళ్లు ఆరకముందే మైక్రోఫైబర్ బట్టతో తుడిస్తే ఆ మరకలే పడవు.

ప్యాక్ చేసిన సరుకు మీద తయారీదారు పేరు, చిరునామా, నికర పరిమాణం, తయారైన నెల, ఎమ్మార్పీ ఉండాలని 2011 నాటి ప్యాకేజ్డ్ కమోడిటీస్ నిబంధనలు చెబుతున్నాయి. ఇవి లేని క్యాన్ అంటగట్టి డబ్బు తిరిగివ్వనంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి. బిల్లు, క్యాన్ నాలుగు వైపుల ఫోటోలు, పాడైన భాగం ఫోటోలు దగ్గర పెట్టుకోండి. మిగిలిన ద్రవం పారబోయకండి, అదే మీ సాక్ష్యం.