బాల్కనీకి వాండానా, డెండ్రోబియమా?

మన ఎండలకు తట్టుకునే ఆర్కిడ్ పెంచాలనుకునేవాళ్లు చాలామంది ఈ రెండింటి దగ్గరే ఆగిపోతారు.

వాండాకు మట్టి అక్కర్లేదు, కుండీ కూడా అక్కర్లేదు. చెక్క బుట్టలో పెట్టి వేలాడదీస్తే వేళ్లు గాలిలోకి బారెడు దిగుతాయి. దాహం సంగతి ఆ వేళ్లే చెబుతాయి. ఎండితే బూడిద కలిసిన తెలుపు, తడిస్తే ఆకుపచ్చ. పచ్చబడేదాకా తడపాలి, పైపైన చిలకరిస్తే చాలదు. విశాఖ, కాకినాడల్లో గాలిలోనే తేమ ఉంటుంది, మామూలుగా రోజుకోసారి సరిపోతుంది. హైదరాబాద్‌లో ఏప్రిల్, మే వడగాలికి రెండు పూటలా తడపాల్సిందే. నాలుగు రోజులు ఊరెళ్లాలంటే టెన్షనే.

డెండ్రోబియంతో, అంటే సోనియా లాంటి రకాలతో, ఆ గొడవ తక్కువ. చెరకు గడల్లాంటి కాడల్లో నీళ్లు దాచుకుంటుంది. బొగ్గు, ఇటుక ముక్కలు వేసిన చిన్న కుండీ, పైన 50 శాతం షేడ్‌నెట్, అంటే సగం ఎండను ఆపే వల చాలు. ఆకులు రాలిన పాత కాడలు పచ్చగా, గట్టిగా ఉంటే కోసేయకండి, వాటికీ పూలు రావచ్చు. దీనికి అసలు గండం వానాకాలం. కుండీలో నీళ్లు నిలిస్తే వేళ్లు కుళ్లిపోతాయి.

పూల అందంలో నా ఓటు వాండాకే. ఆ నీలం సోనియాలో ఎక్కడిది! కానీ ఖరీదెక్కువ. మొదటి మొక్కగా డెండ్రోబియమే కొనండి. ఇల్లు సముద్రం దగ్గర్లో ఉండి, రోజూ తడిపే ఓపిక కూడా ఉంటే నేరుగా వాండాకే వెళ్లొచ్చు.